వెనక మెట్ల తలుపు

"క్షమాపణా? నేనా? తాళం నేనే కోశాను. పట్టపగలు కోశాను. మీ బాబాయ్ గారు పక్కన నిలబడి టార్చి కూడా పట్టుకున్నారు. వెళ్ళి చెప్పు మీ సెక్రటరీకి," అంది పిన్ని.

"పట్టపగలు టార్చి ఎందుకు బాబాయ్ గారూ?" అన్నాను.

"అక్కడ బల్బు లేదమ్మా. అయినా టార్చి పట్టుకోకపోతే రంపం నా చేతికిచ్చేది," అన్నారాయన పేపరు దించకుండానే.

మా అపార్ట్‌మెంట్ వెనక మెట్లదారిలో కింద ఒక ఇనుప తలుపు ఉంది. అటునుంచి ఎవడో వచ్చి సైకిలు ఎత్తుకుపోయాడని కమిటీవాళ్ళు దానికి తాళం వేసి, తాళంచెవి వాచ్‌మన్‌కిచ్చారు. పై అంతస్తులో ఉండే ఈవిడ ఆ తాళం కోసేసింది. వాళ్ళు ఇంకోటి వేశారు. అప్పటినుంచీ సెక్రటరీకీ ఈవిడకీ ఉప్పూ నిప్పూ. పేరుతో పిలిచేవాళ్ళు లేరు, అందరికీ విమానం పిన్నే. ఎయిర్‌హోస్టెస్‌గా ఉద్యోగం దాదాపు అంతా విమానాల్లో నిలబడే చేసింది. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయాయి. బాబాయ్ గారు చేతికర్ర లేకుండా గుమ్మం దాటరు.

నేను కింది అంతస్తులో దిగిన రోజున పలకరించడానికి వచ్చినవాళ్ళందరూ పిల్లలెంతమందని అడిగారు. ఈవిడ మాత్రం, "వంటింటి వెనక గుమ్మం లోపలికి తెరుచుకుంటుందా, బయటికా?" అంది. ఇదేం మనిషిరా బాబూ అనుకున్నాను. తర్వాత ఓ మధ్యాహ్నం తనే చెప్పింది.

"విమానం లేచేటప్పుడు మేం చేతులు తొడల కింద పెట్టుకుని బిగుసుకుని కూచుంటాం చూడు, దేవుణ్ణి తలుచుకుంటున్నామనుకుంటారు జనం. కాదే. ఇప్పుడే ఏదన్నా అయితే ఏ తలుపు తియ్యాలి, ఏమని అరవాలి, ఎవర్ని సాయం పిలవాలి, ఇదంతా మనసులో ఓ చుట్టు తిప్పుకుంటాం. దిగేటప్పుడూ అంతే. మానేసి ఇన్నేళ్ళయినా సినిమా హాల్లో కూచుంటే చేతులు వాటంతటవే కిందికి పోతాయి."

"మా పెళ్ళి ఫోటో చూడమ్మా. అందరూ కెమెరా వంక చూస్తుంటే ఈవిడ హాలు తలుపు చూస్తుంటుంది," అన్నారు బాబాయ్ గారు.

"తలుపు కనబడి కూడా పారిపోలేదు కదా, సంతోషించండి."

ఆ చుట్టు తిప్పుకోవడం ఒక్కసారి నిజంగా పనికొచ్చింది. విమానం నేలమీద ఆగగానే వెనకనుంచి పొగ. ఈవిడ తలుపు తీసి, కిందికి దిగే గాలి జారుడుబల్ల తెరుచుకోగానే, అన్నీ వదిలేసి దూకండని అరవడం మొదలుపెట్టింది. జనం కదులుతున్నారు. మధ్యలో సూటు వేసుకున్న ఒకాయన దారికి అడ్డంగా నిలబడి పైనుంచి పెట్టె లాగుతున్నాడు. ఆయన వెనక చంటిపిల్లతో ఒకావిడ దగ్గుతోంది.

"వదలండి సార్ అన్నాను. వినలా. 'వదలరా!' అన్నాను. చేతిమీద ఒకటిచ్చి, పెట్టె సీట్లోకి తోసి, ఆయన్ని తలుపులోంచి కిందికి తోశాను. అందరం బయటపడ్డాం. ఆయన పెట్టె ఒక్కటే కాలిపోయింది."

ఆయన ఫిర్యాదు పెట్టాడు. పెట్టె పోయినందుకు కాదు, నలుగురిలో 'రా' అన్నందుకు. పెద్దాఫీసరు ఈవిణ్ణి గదిలోకి పిలిచి, ఒక్క మాట సారీ అంటే పోయేదానికి అన్నాడట. అననంది. ఎగరడం మాన్పించి, సామాను పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి తిట్టే కౌంటర్లో వేశారు.

"పెట్టె వదలమన్నందుకు తీసుకెళ్ళి పెట్టెల దగ్గరే కూచోబెట్టారు చూడు, ఎంత తెలివో!" అని విరగబడి నవ్వుతుంది ఇప్పటికీ. కానీ ఆ రోజుల్లో కౌంటరు అద్దంలోంచి విమానాలు కనబడకుండా కుర్చీ తిప్పుకుని కూచునేదని బాబాయ్ గారు నాకు విడిగా చెప్పారు. సారీ మాత్రం చెప్పలేదు. చివరికి కొత్తగా చేరిన పిల్లలకు అరవడం నేర్పేవాళ్ళు కావలసివచ్చి, ఆ ఆఫీసరే కౌంటరు దాకా నడిచివచ్చాడు. "మళ్ళీ ఎగరనిస్తేనే నేర్పుతాను," అందిట. ఎగరనిచ్చారు.

మొన్న ఆదివారం కింద పార్కింగ్‌లో మీటింగు. ప్లాస్టిక్ కుర్చీల మధ్య సెక్రటరీ లేచి అదే మాట అన్నాడు. "పిన్నిగారూ, పెద్దవారు, ఒక్క సారీ అనెయ్యండి."

ఆవిడ కుర్చీ పట్టుకుని లేచింది. కళ్ళజోడు సర్దుకుంది. నోరు విప్పకుండా రెండు చేతులూ ముందుకు చాపింది, తర్వాత పక్కలకు, తర్వాత వెనక్కి. విమానాల్లో దారులు చూపించేటప్పుడు చేసే సైగలే. వెనక్కి చాపిన చేతులు అలాగే ఉంచేసింది. తలలన్నీ అటు తిరిగాయి. అక్కడ వెనక మెట్ల తలుపుకి కొత్త తాళం తళతళలాడుతోంది.

"ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఊపాను ఈ చేతులు, ఒక్కరూ తలెత్తి చూసిన పాపాన పోలేదు. ఇవాళ చూశారు, చాలు. పొగొస్తే లిఫ్టు ఆగిపోతుంది. మా ఆయన ఈ మెట్లమీంచే దిగాలి. వాచ్‌మన్ టీకి వెళ్తే తాళం ఎవరు తీస్తారు?"

"టీకి వెళ్ళకుండా ఉండలేను సార్," అన్నాడు వాచ్‌మన్ బుర్ర గోక్కుంటూ.

అందరూ నవ్వారు. లోపలినుంచి తోస్తే తెరుచుకునే గడియ పెట్టాలని అక్కడికక్కడే తేల్చారు. ఓడిపోయిన ముఖంతో సెక్రటరీ సరేనన్నాడు. ఇవాళ పొద్దున మాత్రం లిఫ్టులో నన్ను ఆపి, "గడియ బిగించేవాడు వస్తున్నాడు. ఈలోగా ఆవిడ చేత సారీ అనిపించండి, లేకపోతే ఆ తలుపుకి ఏం బిగించాలో నా ఇష్టం," అన్నాడు. ఆ మాట మోసుకునే నేను పైకి వచ్చింది.

"అయితే ఏం చెప్పమంటారు పిన్నీ?"

"నేను పోయాక నా ఫోటోని అడగమను. అదీ చెప్పదు."

కిందినుంచి డ్రిల్లింగ్ మెషీన్ మోత వినబడింది. బాబాయ్ గారు పేపరు దించారు. కాసేపటికి మోత ఆగిపోయింది. బిగించింది గడియో, ఇంకా పెద్ద తాళమో పైవాళ్ళకేం తెలుస్తుంది? ఆవిడ చేతులు తొడల కింద ఉన్నాయి.

"అమ్మాయ్, వెళ్ళేటప్పుడు లిఫ్టు ఎక్కకు. వెనక మెట్లమీంచి దిగు. కింద తలుపు దగ్గర ఆగి చూడకు, వాచ్‌మన్‌ని అడగకు. భుజం పెట్టి తోయి. తెరుచుకుందా, అటునుంచటే ఇంటికి పో. తెరుచుకోలేదా, మళ్ళీ పైకి రా. వచ్చేటప్పుడు మీ ఆయన రంపం పట్టుకురా, మాది మొద్దుబారిపోయింది."