ముడుపు జడ

“...ముడుపు జుట్టు తీసకపొయ్యి ఆసుపత్రి సెత్తబుట్టలో ఏస్తారా, ఏయరా? దానికి సెప్పు ముందర.”

“ఏస్తారేమో అత్తా. నాకెట్ల తెలుసు? బేస్తవారం చేరమన్నారు. అదే తెలుసు.”

“ఏస్తారేమో అంట. దేవర సొత్తు. ఎంత సులువుగా అంటాండావే.”

మారీశ్వరి మాట పెంచలేదు. పెంచితే అత్త పెరియనాయగి మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంటుంది. నాలుగు రోజులుగా ఇదే మాట, ఇదే గడప దగ్గర. కోవిల్‌పట్టిలో వాళ్ళ వీధి నుంచి అగ్గిపెట్టెల ఆపీసుకు పావుగంట నడక. అక్కడ ఫ్యాక్టరీని అందరూ ఆపీసనే అంటారు. ఎనిమిదిన్నరకు గేటు మూసేస్తారు. ఎనిమిది దాటింది.

గోడవారన ఎనిమిదేళ్ళ ముత్తుసెల్వి కూర్చుని ఉంది. మెడకు గట్టి పట్టీ. పట్టీ మీదుగా నడుము దాకా జడ. పుట్టాక కత్తెర తగలని జడ.

బిడ్డ డౌన్ సిండ్రోమ్‌తో పుట్టింది. గుండెలో రంధ్రం కూడా ఉందన్నారు. అది పూడితే ఇలవేల్పుకు పుట్టెంట్రుకలు ఇస్తానని పెరియనాయగి మొక్కుకుంది. రెండో ఏటికి రంధ్రం దానంతటదే పూడింది. మొక్కే తీరలేదు. గుండు చేయించేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి. ఆ వేడుకకు అచ్చువేయించిన ఆహ్వాన పత్రికలో మేనమామ కుమరేశన్ పేరు పెదనాన్నల పేర్ల కింద పడింది. తాంబూలం తట్టతో బావ వచ్చి పిలిస్తే తప్ప విరుదునగర్ నుంచి కదలనన్నాడు కుమరేశన్. చిన్నవాడు, వాడే దిగిరావాలన్నాడు మారీశ్వరి మొగుడు వెళ్ళైసామి. ఆరేళ్ళయింది. జడ పెరుగుతూనే ఉంది.

మారీశ్వరి ఇంటికి తెచ్చే ఖాళీ అగ్గిపెట్టెల్లోకి లోపలి అరను తోయడం సెల్వికి ఇష్టమైన ఆట. ఈ ఎండాకాలం పెట్టెలు దాని వేళ్ళ నుంచి జారిపోవడం మొదలైంది. ఒళ్ళు బద్ధకమంది పెరియనాయగి. మారీశ్వరి కూడా ఒకసారి ఆ చేతి మీద కొట్టింది. తర్వాత బిడ్డ గడప దాటేటప్పుడు తడబడింది. తర్వాత పక్క తడిపింది.

మదురై డాక్టరు ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. ఇలాంటి పిల్లల్లో ఎముకల్ని ఒకదానికొకటి పట్టి ఉంచే కట్లు వదులుగా ఉంటాయి. మెడలో అన్నిటికన్నా పైనున్న ఎముక ముందుకు జారి వెన్నుపామును నొక్కుతోంది. ఆ ఎముకకూ కిందిదానికీ మధ్య ఐదు మిల్లీమీటర్లు దాటకూడని సందు తొమ్మిది ఉంది. మరలు బిగించి, తుంటి నుంచి కొంచెం ఎముక తీసి పెట్టి, పై రెండు ఎముకల్నీ ఒకటిగా అతికించాలి. తల వెనక జుట్టు తీసేయాలి. ఆలస్యమైతే పోయిన బలం తిరిగి రాకపోవచ్చు. ఈ లోపల ఎవరూ ఈ తలను ముందుకు వంచకూడదు.

ఆ రోజు మంగళవారం. మారీశ్వరి ఆపీసుకు పోలేదు. బిడ్డతో విరుదునగర్ బస్సెక్కింది. గతుకు వచ్చినప్పుడల్లా పట్టీ కింద చెయ్యి పెట్టింది.

కుమరేశన్ పప్పు మిల్లు నుంచి భోజనం వేళకు బయటికొచ్చి, ఇద్దరినీ నూనె పరోటా అంగడికి తీసుకుపోయాడు. నమలడానికి వీలుగా మారీశ్వరి పట్టీ వదులు చేసింది.

“తిను కోడలా. మీ ఊర్లో ఇంత కరకరమని దొరకదు,” అన్నాడు. తర్వాత అక్కతో అన్నాడు. “నేను రానంటినా? బావ ఒక్క మాట పిలిస్తే సాలు. తట్ట గూడా వద్దు. పోన్‌లోనే పిలవమను.”

ఆమె అక్కడికక్కడే మొగుడికి ఫోన్ చేసింది. లారీకి బరువులెత్తే చప్పుడు మధ్య వెళ్ళైసామి గొంతు వినిపించింది. “వాణ్నే సెయ్యమను. వయసులో ఎవుడు సిన్న?” పెట్టేశాడు.

“వింటివి గదా,” అన్నాడు కుమరేశన్. “ఆయనకుంటే నాకుండదా?”

“ఏముండాదిరా?”

“మరియాద.”

“బిడ్డ మెడ జారిపోతా ఉండాది. మీ ఇద్దురికీ మరియాద జారిపోతా ఉండాది.”

“అట్లనకు అక్కా. ఆడి నెల తిరణాలకు అందురూ వస్తారు. బావ గూడా నలుగురి ముందర మాట్లాడక తప్పదు. రెండు నెలలే గదా.” అతను పరోటా ముక్క సెల్వి నోటికందించి, బల్ల నుంచి కొంచెం వెనక్కి జరిగాడు. “రావే, మామ ఒళ్ళో కూసో. గుండు ఎట్ల కొడతారో సూపిస్తా.”

సెల్వి నవ్వుతూ పోయి కూర్చుంది. కుమరేశన్ మంగలిలాగా అరచెయ్యి నడినెత్తిన పెట్టి తలను ముందుకు వంచాడు. మెల్లగానే వంచాడు. మారీశ్వరి అతని మణికట్టు పట్టి లాగిన ఊపుకు పళ్ళెం కింద పడింది. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూశారు.

“అమ్మా, సేతుల్లో సీమలు,” అంది సెల్వి. రెండు చేతులూ పైకెత్తి చూసుకుంది. చేతుల మీద ఏమీ లేదు.

మారీశ్వరి పట్టీ బిగించింది. కొక్కెం పడిందో లేదో రెండుసార్లు చూసుకుంది. ఇన్నాళ్ళూ తమ్ముణ్ని ఎట్లా ఒప్పించాలి, మొగుణ్ని ఎట్లా ఒప్పించాలి అనే చూసింది. ఇద్దరూ ఒప్పుకుంటే జరిగేది ఇదే. మంగలి తల వంచుతాడు. కదలకుండా ఇంకొకరు పట్టుకుంటారు. ఆ సంగతి తనకే తట్టలేదు.

“నేనేం సేసినా అక్కా? ఊరికే సూపిస్తిని.”

“ఏం సెయ్యలేదురా. పనికి పో.”

సాయంత్రం ఇల్లు చేరేసరికి వెళ్ళైసామి తొట్టి దగ్గర కాళ్ళు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు. అడిగింది పెరియనాయగే.

“ఏమన్నాడు మీ తమ్ముడు? పిలవకుండానే వస్తాడంటనా?”

మారీశ్వరి ప్లాస్టిక్ కుర్చీ తుడిచి, సెల్విని నిటారుగా కూర్చోబెట్టింది. పట్టీ మీద నుంచి జడను వెనక్కి తీసింది.

“అత్తా, పసుపు గుడ్డ ఒకటి తీసి పెట్టు. రేప్పొద్దున ఈ కుర్చీలోనే, మెడ వంచకుండా, జడ నేనే కత్తిరిస్తా. ఒక ఎంటిక గూడా కింద పడనీను. మూట కట్టి నీ సేతికిస్తా. ఎవురి పేరు పైన, ఎవురి పేరు కింద అని తేలినప్పుడు దేవరకిచ్చుకోండి. బేస్తవారం నేనూ సెల్వీ మదురైకి పోతాండాం.”