మాస్టారు మానేసిన కథ

ఇవాళ ఏడో తరగతి బోర్డు మీద మూడు భుజాలూ మూడు కొలతల్లో ఉన్న స్కేలీన్ త్రిభుజం గీస్తుంటే సుద్దముక్క కీచుమంది. ఆ చప్పుడు వింటే నాకిప్పటికీ తల దించేసుకోవాలనిపిస్తుంది. మా లెక్కల మాస్టారు అప్పల్నాయుడు గారు గుర్తొస్తారు.

శ్రీకాకుళం అవతల, సముద్రం ఒడ్డున మా బడి. ఆకారాల ఇంగ్లీషు పేర్లకు పుట్టిల్లు చెప్పడమంటే ఆయనకు ప్రాణం. ట్రయాంగిల్ లాటిన్ నుంచి వచ్చింది, మూడు మూలలది. రాంబస్ గ్రీకు మాట, బొంగరంలా గిరగిరా తిరిగేది. ట్రెపీజియం అంటే చిన్న బల్ల. ఐసోసిలీస్ అంటే సమానమైన కాళ్లున్నది. ఆ ఊపులోనే, స్కేలీన్ అంటే ఎగుడుదిగుడుది, కుంటిది అనేశారు. క్లాసంతా నా వైపు తిరిగింది. పోలియో వచ్చిన ఎడమ కాలిని బెంచీ కిందకి లాక్కున్నాను. సాయంత్రానికి నా పేరే స్కేలీన్ అయిపోయింది.

ఇక చచ్చినా బడికి వెళ్లనన్నాను. ఆ వారమంతా వెళ్లలేదు. ఆదివారం పొద్దున్నే మాస్టారు మా గుమ్మంలో ఉన్నారు. అమ్మ చేపల గంప దించి, పిల్ల చదువు మానేస్తానంటోంది, ఎందుకో చెప్పదని ఆయనకే మొరపెట్టుకుంది. నేను తలుపు చాటున ఉన్నాను. ఆయన నాకూ వినపడేలా అన్నారు.

"తప్పు నాదేనమ్మా. పేరు సెప్పే సరదాలో పిల్లని సూసుకోలేదు."

అంత పెద్దాయన మా గుమ్మంలో తల వంచుకుని నిలబడితే కలిగిన సిగ్గు ముందు, నా కాలిని చూసి పడ్డ సిగ్గు ఏ మూలకీ చాలలేదు. సోమవారం బడికి వెళ్లాను. ఆయన రాకపోతే నా చదువు అక్కడితో ఆగిపోయేదే.

కొన్నేళ్లకి తమ్ముడు అదే క్లాసుకొచ్చాడు. "మాస్టారు అన్నింటికీ కథ సెప్తారక్కా. స్కేలీన్‌కి మాత్రం గుర్తు లేదంతారు," అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాత తర్వాత ఆ హమ్మయ్యే నన్ను పొడవడం మొదలుపెట్టింది. అన్నీ తెలిసిన మనిషి, ఏటేటా కొత్త పిల్లల ముందు, నా కోసం తెలియనివాడిలా నిలబడ్డారు. ఇక చెప్పండి మాస్టారూ అని ఒక్కసారైనా అనలేకపోయాను. ఆయన పోయారు.

ఇవాళ ఒక పిల్ల లేచి, స్కేలీన్ ఎక్కడి మాట మేడమ్ అని అడిగింది. గుర్తు లేదనబోయి ఆగాను. సుద్దముక్క పక్కన పెట్టి, బోర్డు ఈ చివర నుంచి ఆ చివరకు నా నడకే నడిచాను. మొహం భగభగ మండిపోతోంది.

"గ్రీకు మాట. కుంటిది అని అర్థం. మా మాస్టారు చెప్పారు."

పిల్లలు తలలు వంచి రాసుకున్నారు.