లిడియా టీచర్ గీసిన ముఖం

లిడియా పుట్టు భయస్తురాలు. ఆమె తండ్రి సత్యానందం నిజామాబాద్‌లో సైన్‌బోర్డులు రాసేవాడు. చిన్నప్పుడు నాటకాల కోసం ఆయన వేసిన రాక్షసుల బొమ్మలు గోడకు ఆనించి ఉంటే, ఆ పిల్ల ఆ గదిలో అడుగు పెట్టేది కాదు. పెద్దయి, బోధన్ దగ్గర ఒక సర్కారు బడిలో డ్రాయింగ్ టీచరై, కరెంటు పనిచేసే జాన్సన్‌ను పెళ్లాడాక కూడా ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. అలాంటి మనిషి హత్యల నవలలు రాస్తుందంటే బడిలో మొదట ఎవరూ నమ్మలేదు.

"భయాన్ని కాగితం మీద పెడితే జర నా మాట ఇంటది" అనేది జాన్సన్‌తో.

హైదరాబాద్ నుంచి వచ్చే ఒక చిన్న మాసపత్రికలో ఆమె సీరియల్ వచ్చేది. బొమ్మలు కూడా తనే వేసేది. ఆ నవలల్లో నేరం కనిపెట్టేది పోలీసులు కాదు. ఎముకలు చూసి చచ్చిపోయిన మనిషి వయసు, బతికిన తీరు చెప్పే డాక్టర్ అహల్య ఒకరు. పాత చిత్రాల్లో అసలేదో నకిలీ ఏదో తేల్చే మొయిన్ ఇంకొకరు. పుర్రె మీద ఎక్కడెంత కండ ఉండేదో అహల్య చెబుతుంటే, మొయిన్ ఆ ముఖం గీస్తాడు.

బడిలో పిల్లలకు అన్నం వండే సాయవ్వకు చదువు రాదు. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక వచ్చి లిడియా పక్కన కూర్చునేది. లిడియా రాసింది చదివి వినిపించేది. ఇద్దరిలో ఎవరికి ఆ పూట ఎక్కువ ఇష్టంగా గడిచేదో చెప్పడం కష్టం.

కొత్త నవల మొదలుపెట్టినప్పుడు శవం ఎక్కడ దొరకాలో లిడియాకు తోచలేదు.

"చెరుకు తోటల పూడ్చిన బాయి పెట్టుండ్రి టీచరమ్మా" అంది సాయవ్వ. "బాయి పూడ్చినంక దాని మీదికెల్లి చెరుకు ఏస్తె ఎవలకు ఎరుక?"

లిడియాకు ఆ బావి చోటు నచ్చింది. సాయవ్వ ఇంకొకటి కూడా చెప్పింది. చచ్చిపోయినవాడికి ఎడమ తొడ బొక్క ఎప్పుడో విరిగి అతుక్కుని ఉండాలి, వాడు కొంచెం కుంటాలి. అహల్యకు ఎముకలో చూడడానికి ఏదో ఒకటి కావాలి కదా అనుకుని లిడియా అదీ రాసుకుంది.

మొయిన్ ముఖం గీసే అధ్యాయం వచ్చింది. లిడియా పెన్సిల్ పట్టుకుంటే సాయవ్వ వెనక నిలబడింది. ముక్కు కొంచెం వంకర ఉండనీయమంది. కుడి చెవికి పోగు పెట్టమంది. బొమ్మ అయ్యాక చాలాసేపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని వంటగదిలోకి పోయింది. చెమట అనుకుంది లిడియా.

పత్రిక బజారులోకి వచ్చిన కొద్దిరోజులకు బాపురావు బడికి వచ్చాడు. ఒకప్పుడు చెరుకు కోతకు కూలీలను తెచ్చి పని చేయించినవాడు, ఇప్పుడు ఊళ్లో పెద్ద రైతు. పత్రిక తెరిచి లిడియా ముందు పెట్టి, బొమ్మ మీద వేలు ఆనించాడు.

"గీయన ఎవరు టీచరమ్మా?"

"ఎవరూ కాదు సార్. ఊహించి గీసిన."

"మంచిగ గీసిండ్రు." వేలు తీయలేదు. "ఊహ అయితె ఊహనే ఉండనియ్యుండ్రి."

అంతే అన్నాడు. నమస్కారం పెట్టి వెళ్లిపోయాడు. లిడియా నేరుగా వంటగదికి పోయి తలుపు దగ్గరగా వేసింది.

"సాయవ్వా, నాతోని ఎవరి ముఖం గీయించినవ్?"

సాయవ్వ పొయ్యిలో కట్టె సర్దింది. "మా ఆయనది."

ఆమె భర్త లింబాద్రి సిరికొండ దిక్కు మనిషి. చెరుకు కోతకు ఇద్దరూ బాపురావు ముఠాలో వచ్చారు. బాపురావు కూలీలను కొట్టేవాడు. ముఠా మొత్తాన్ని ఊరికి తీసుకుపోతానని లింబాద్రి ఎదురు తిరిగాడు. ఆ సాయంత్రం మాట్లాడదామని బాపురావు పిలిస్తే తోటలోకి వెళ్లాడు, తిరిగి రాలేదు. ఇంకొక ఆడమనిషితో లేచిపోయాడని బాపురావు ఊరంతా చెప్పాడు. అదే వారంలో తోటలోని పాత బావి పూడ్పించాడు. అప్పుడు సాయవ్వ కడుపులో నిఖిత ఉంది.

"నేను జెప్తె ఎవలింటరు? బిడ్డను గూడ బతకనియ్యకపోతుండె. ఇప్పుడు అది నిజామాబాద్‌ల నర్సు అయింది. మీ కథయితె పది మంది సదువుతరు, ఎవలన్న తవ్వుతరనుకున్న."

"నన్ను అడగకుండ వాని ముందల నిలబెట్టినవ్."

"నిలబెట్టిన" అంది సాయవ్వ. తల వంచలేదు.

లిడియాకు కోపం వచ్చింది. కోపం కన్నా భయం ఎక్కువైంది. మర్నాడు పొద్దున ఇంటి గేటు ముందు చెరుకు గడల కట్ట ఉంది. ఆకు తీసి, సమానంగా నరికి, తాడుతో చక్కగా కట్టి ఉంది. బోధన్‌లో తన ఇల్లు ఎక్కడో బాపురావుకు ఆమె ఏనాడూ చెప్పలేదు. జాన్సన్ ఆ కట్టను తీసుకుపోయి దూరంగా పారేసి వచ్చాడు.

"కథ ఆపేయ్ లిడియా. పేరు మార్చుకుందువు, ఇంకేదన్న రాసుకుందువు."

ఆపేస్తానని పత్రికకు ఫోన్ చేసి చెప్పింది. అయినా ఆమెకు అన్నం సహించలేదు. బస్సులో వెనక ఎవరైనా దగ్గితే లేచి డ్రైవర్ వెనక సీట్లోకి మారేది. సాయవ్వ వంక చూడడం మానేసింది. సాయవ్వ కూడా పక్కన కూర్చోవడానికి రాలేదు.

ఒక మధ్యాహ్నం బడి ముందు నుంచి జేసీబీ పోయింది. దాని ముందు బాపురావు మోటార్ సైకిల్ మీద ఉన్నాడు. సాయవ్వ చేతిలోని గరిటె వదిలేసి బయటికి వచ్చింది.

"ఆ దారిల బాయి తప్ప ఏం లేదు" అంది, ఎవరితోనూ కాదన్నట్టు. "బొక్కలు తీస్కపోతడు."

చెప్పులు కూడా వేసుకోకుండా నడక మొదలుపెట్టింది. లిడియా ఆగమంది. ఆమె ఆగలేదు. లిడియా వరండాలో నిలబడి పోలీసులకు ఫోన్ చేసింది. మీరెవరని అడిగితే పెట్టేద్దామనుకుంది. తరువాత తన పేరు, బడి పేరు, బావి దారి చెప్పింది. హెడ్మాస్టరుకు ఒక్క మాట చెప్పి సాయవ్వ వెనక పరుగెత్తింది.

దారికి రెండు పక్కలా చెరుకు మనిషి కన్నా ఎత్తుగా ఉంది. గాలికి ఆకు కదిలిన ప్రతిసారీ లోపల ఎవరో నడుస్తున్నట్టే ఉంది. అరిచినా ఎవరికీ వినపడదు. వెనక్కి తిరగాలనిపించింది. ముందు సాయవ్వ పచ్చ చీర కనిపిస్తుంటే దాన్నే చూస్తూ నడిచింది.

జేసీబీ అప్పటికే సగం గుంత తీసింది. సాయవ్వ దాని బకెట్ కింద, గుంత అంచున కూర్చుంది. డ్రైవర్ కంగారుపడి ఇంజన్ ఆపాడు.

"ఎండల ఎందుకొచ్చిండ్రు టీచరమ్మా?" అన్నాడు బాపురావు. గొంతు బడిలో ఉన్నంత మెత్తగానే ఉంది. "పాత బాయి, పూడిక తీపిస్తున్న. సాయవ్వను తోల్కపోండ్రి."

లిడియా పోయి సాయవ్వ పక్కన మట్టి మీద కూర్చుంది. సాయవ్వ ఆమె మణికట్టు పట్టుకుని వదల్లేదు. బాపురావు డ్రైవర్ మీద అరిచాడు. డ్రైవర్ తాళం చెవి జేబులో వేసుకుని బండి దిగాడు.

"ఆడోళ్ల మీదికెల్లి నడుపుమంటవా? నాతోని కాదు సేటూ" అన్నాడు.

బాపురావు వాళ్ల వైపు రెండడుగులు వేశాడు. అప్పుడే పోలీసు జీపు వినపడింది. అతను నిలబడిపోయాడు. కాసేపు జీపు వచ్చే వైపు, కాసేపు చెరుకు వైపు చూశాడు గానీ పారిపోలేదు.

ఎముకలు ఆ రోజు సాయంత్రానికి దొరికాయి. హైదరాబాద్ నుంచి వచ్చిన ఎముకల నిపుణురాలు ఎడమ తొడ ఎముక ఎప్పుడో విరిగి అతుక్కుని ఉందని, పుర్రె వెనక పగులు మాత్రం అతుక్కోలేదని, ఆ దెబ్బతోనే ప్రాణం పోయిందని చెప్పింది. నిఖిత ఇచ్చిన రక్తంతో పోల్చి చూస్తే మనిషెవరో తేలింది. బాపురావును అరెస్టు చేశారు, కొన్నాళ్లకు బెయిల్ మీద వచ్చాడు. కేసు ఇంకా నడుస్తోంది.

లిడియా సాక్ష్యం చెప్పింది. కథలు అల్లే మనిషి మాట ఎట్లా నమ్మాలని వకీలు అడిగినప్పుడు ఆమె గొంతు రెండుసార్లు ఆగింది. ఆగిన చోటి నుంచి మళ్లీ మొదలుపెట్టి, చూసిందంతా చివరి దాకా చెప్పింది.

కోర్టు అనుమతితో ఎముకలు ఇచ్చాక సిరికొండ దగ్గర లింబాద్రిని సాగనంపారు. లిడియా, జాన్సన్ ఇద్దరూ వెళ్లారు. లేచిపోయినవాడి పెళ్లామని తనను ఇన్నాళ్లు అన్నవాళ్లు కూడా వచ్చి నిలబడితే, సాయవ్వ వాళ్లందరికీ తన చేత్తో చాయ్ పోసి ఇచ్చింది.

లిడియా భయం పోలేదు. ఇప్పటికీ బస్సులో డ్రైవర్ వెనక సీట్లోనే కూర్చుంటుంది. దారిలో బాపురావు కనిపిస్తే చేతులు చల్లబడతాయి. అయినా బదిలీ పెట్టుకోమని జాన్సన్ అన్నప్పుడు, కేసు తేలే దాకా సాయవ్వను ఒంటరిగా విడిచి పోనని చెప్పింది.