కనురెప్ప కింది ఎరుపు

ఎనభైల చివర, తలసేమియా ఉన్న మా పాపకు పాలమూరులో నెలనెలా రక్తం ఎక్కించిన డాక్టరు గారికి బేరమాడితే గిట్టేది కాదు. పాప కింది రెప్పను బొటనవేలితో లాగి చూసి, "ఎరుపు లేదు" అంటే లేదనే. ఆత్మకూరు గాజుల దుకాణంలో పుట్టి పెరిగిన నేను ఊరుకుంటానా? "జర ఉన్నట్టే ఉంది గద సార్" అనేదాన్ని. "లేదమ్మా" అనేవారు, రెప్ప వదలకుండానే.

ఒకసారి నాకు అర్థమయ్యే లెక్కలో చెప్పారు.

"రక్తం ఎముకల మూలుగల తయారైతది. అక్కడ రెండు దుకాణాలుంటయి అనుకో. కడుపుల ఉన్న బిడ్డకు మొదటిది నడుస్తది. పుట్టినంక అది మూతపడి రెండోది తెరుచుకుంటది. మీ పాపకు రెండోది తెరుచుకుంది గని, అందుల సరుకు లేదు."

"అయితే పాతదే మళ్ల తెరువున్రి సార్! గిరాకీ ఉండంగ ఎవరన్న మూస్తరా?"

ఆయన తలెత్తి నన్ను మొదటిసారి సరిగ్గా చూశారు. "మంచి మాట అడిగినవమ్మా. దాని తాళంచెవి కోసమే లోకమంత దేవులాడుతున్నరు. ఇంక దొరకలే."

ఏడో ఏట ఒకరోజు పాప బస్సు దిగి నడవలేక నా భుజం మీదే వచ్చింది. ఆయన రెప్ప లాగి చాలాసేపు చూశారు. అలవాటు కొద్దీ నేనే మొదలుపెట్టాను. "జర ఎరుపుంది గద సార్?"

"ఉందమ్మా," అన్నారు.

అడిగిన ధరకు అడగ్గానే ఇచ్చేవాడు ఆ సరుకు మీద ఆశ వదులుకున్నవాడని దుకాణంలో పెరిగిన నాకు తెలుసు.