మా చెలక మీద ఎగిరిన యుద్ధ విమానం

మొన్న మా తమ్ముడి కొడుకు నా పక్కన కూర్చుని, ఫోనులో ఒక్క వాక్యం రాసి, రెండు యుద్ధ విమానాలు ఆకాశంలో తలపడుతున్న బొమ్మను కన్ను మూసి తెరిచేలోగా పుట్టించి చూపించాడు. మేఘాలు, నిప్పురవ్వలు, తోక వెనక నల్లటి పొగ, అన్నీ ఉన్నాయి. బాగుందా అత్తా అన్నట్టు వాడు నా మొహంలోకి చూస్తుంటే తల ఊపాను గాని, నా మనసు అప్పటికే వనపర్తి బస్టాండు దగ్గరి ఇరుకు డీటీపీ దుకాణానికి పోయి, వెనక అంత పెద్ద గూనితో సగం బల్లను ఆక్రమించుకునే పాత మానిటరు ముందు చతికిలబడింది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. డిగ్రీ అయ్యాక డీటీపీ నేర్చుకుని ఆ దుకాణంలో పెండ్లి కార్డులు, కరపత్రాలు తయారుచేసేదాన్ని. యజమానిని ఊరంతా భాయ్ అనేది, మేమూ అదే అనేవాళ్లం. పని లేనప్పుడు నేను కంప్యూటర్లో నా ఇష్టం వచ్చిన బొమ్మలు వేసుకుంటే ఆయన ఏమీ అనేవాడు కాదు. నా తోటి ఆడపిల్లలు నెమళ్లూ పూలతీగలూ వేస్తుంటే నాకు మాత్రం యుద్ధ విమానాల పిచ్చి. అది మా పెద్దనాయన నుంచి అంటుకున్న పిచ్చి.

పెద్దనాయన వైమానిక దళంలో మెకానిక్‌గా చేసి వచ్చి, ఆత్మకూరు దగ్గర మా చెలకలో పల్లీ, ఆముదం పండించుకుంటూ ఉండేవాడు. ఆయన దగ్గర ఒక నలుపు తెలుపు ఫోటో ఉండేది. అందులో తోక మీద నంబరున్న ఒక చిన్న యుద్ధ విమానం, దాని రెక్క పక్కన ఇంకా మీసం కుదురుకోని మా పెద్దనాయన. సరిహద్దులో యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక పొద్దున ఆ విమానం పోయి తిరిగి రాలేదు, పైలటూ రాలేదు. ఇంట్లో అందరికీ తెలిసింది అంతవరకే. ఊరి మీదుగా ఏ విమానం పోయినా పిల్లలం కేకలు పెడుతూ ఉరికేవాళ్లం, ఆయన ఒక్కడే తల ఎత్తేవాడు కాదు.

అలాంటి మనిషి, ఎవరిదో పెండ్లి కార్డు పని మీద ఒకనాడు దుకాణానికి వచ్చి, తెర మీద నేను సగం వేసిన విమానాన్ని చూసి, లోపలి జేబులోంచి ఆ ఫోటో తీసి నా చేతిలో పెట్టాడు.

"గీ ఇమానాన్ని ఆకాశంల పెట్టగల్తవా బిడ్డా? దగ్గరికెల్లి నేను దాన్ని నేల మీదనే సూసిన. లడాయిల ఎట్లుండెనో నాకు తెల్వదు."

పెద్దనాయన నన్ను ఒకటి అడగడం అదే మొదలు. ఆయన చూడలేకపోయినదాన్ని ఆయన కళ్ల ముందు నిలబెట్టాలి, చూసి ఇదే నా విమానం అనాలి, అంతకు తక్కువైతే నేను బొమ్మలు వేయడమే దండగ అనుకున్నాను.

అబ్బ, ఆ రోజుల ఉత్సాహం! కురుమూర్తి జాతరలో ప్లాస్టిక్ విమానం కొని, దాన్ని వాకిట్లో దండేనికి దారంతో వేలాడదీసి, ఏ పూట ఎండ రెక్క మీద ఎలా జారుతుందో చూస్తూ నిలబడేదాన్ని. విమానం ఒంటి లోహం ఎలా ఉండాలో అంతుపట్టక, సొట్టలు పడి గీతలు తేలిన మా ఇంటి సత్తు గిన్నెను ఎండలో పెట్టి, ఫోటో స్టూడియో వాళ్ల డిజిటల్ కెమెరా అడిగి తెచ్చి ఫోటోలు తీస్తుంటే, "అన్నమొండే గిన్నెకు ఫోటోలేందే, నీకు గాలి గిట్ల సోకిందా?" అని మా అమ్మ మొత్తుకునేది. పైనుంచి నేల ఎలా కనిపిస్తుందో మా ఇంటావంటా ఎవరికీ తెలియదు, విమానం ఎక్కినవాళ్లు ఉంటే గదా! అందుకని మా ఊరి బయటి గుట్ట ఎక్కి, కింద పరుచుకున్న మా ఎర్రటి చెలకనూ బండరాళ్లనూ దూరాన మెరిసే కృష్ణనూ ఫోటోలు తీసుకుని వచ్చి, ఎక్కడిదో సరిహద్దు ఆకాశం కింద మా పాలమూరు నేలనే పరిచాను.

పొగ సంగతి చెప్పాలి. ఆముదపు కట్టె తగలబెట్టినప్పుడు లేచే చిక్కటి పొగను ఫోటో తీసి, దాని సుళ్లు చూసుకుంటూ మౌసుతో కొసలు దిద్దాను. ఆ సాఫ్ట్‌వేర్లో బొమ్మను అద్దం మీద అద్దం పేర్చినట్టు పొరలుగా వేయాలి. నేల ఒక పొర, మేఘాలు ఒక పొర, విమానం ఒకటి, పొగా మంటా శత్రు విమానమూ కలిపి ఇంకొకటి. మధ్యలో కరెంటు పోతే చేసిందంతా గంగపాలు, మళ్లీ మొదలు. "బేటీ, లడాయి తర్వాత జేద్దువుగాని, ముందుగాల గా పెండ్లి కానియ్యి" అని భాయ్ కార్డుల కట్ట నా ముందుకు తోసేవాడు.

బొమ్మ పూర్తయింది. దెబ్బ తిని తోక అంటుకున్నా వెనుదిరగని విమానం, దాని దెబ్బకు కిందికి పారిపోతున్న శత్రు విమానం. నాకైతే కాలు నేల మీద నిలవలేదు. కబురు పెడితే పెద్దనాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ఆత్మకూరు బస్సులో వచ్చాడు. స్టూలు మీద కూర్చుని అద్దాలు సర్దుకుని చూశాడు. ముందు నేల కనిపించింది ఆయనకు. "ఏయ్, ఇది మన చెల్క గదనే!" అని నవ్వాడు. తర్వాత తోక మీది నంబరు దగ్గర వేలు పెట్టి, అక్కడి నుంచి పొగ వెంట వేలిని మెల్లగా జరుపుతూ పోయాడు. నవ్వు పోయింది.

"కాలిపోయిందని అందరు జెప్పిన్రు. నేనైతే సూడలే. పైలట్ ఎక్కినంక నేను నిచ్చెన తీసినప్పుడు అది మంచిగనే ఉండె" అని, వేలు తెర మీదే ఉంచి, "గా పొగ జర తియ్యరాదు బిడ్డా" అన్నాడు.

ప్రతి పొర పక్కనా చిన్న కన్ను గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కితే ఆ పొర కనిపించదు. నొక్కాను. పొగా మంటా శత్రు విమానమూ ఒక్కసారే మాయమై, సత్తు గిన్నె మెరుపుతో చెక్కు చెదరని విమానం మా చెలక మీద పొద్దుటి ఎండలో నిలిచింది. పెద్దనాయన ముందుకు వంగి, తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా, పక్కన ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు: "ఇగ జరసేపట్ల దిగుతది."

భాయ్ అటు తిరిగి చాయ్ చెప్పిరమ్మని నన్ను బయటికి పంపాడు. నేను వెళ్లి, చాయ్ హోటలు గోడ పక్కన నిలబడి కరువుతీరా ఏడ్చి, ఆ వెంటనే ఎందుకో పట్టలేని సంతోషంతో నవ్వుకున్నాను. అచ్చు వేయించి పటం కట్టించి ఇచ్చిన ఆ బొమ్మ ఆయన పోయేదాకా ఆయన మంచానికి ఎదురుగా ఉంది, ఇప్పటికీ ఆ గోడకే ఉంది. పొగ పొరను నేను చెరిపేయలేదు, దాచిపెట్టానంతే. అది ఒక సీడీలో ఉంది, ఆ సీడీ తిప్పే కంప్యూటరు మాత్రం ఇప్పుడు మా ఇంట్లో లేదు.

మొన్న మా మేనల్లుడిని నేనూ అదే అడిగాను, ఆ పొగ తీసేయరా అని. వాడు సంబరంగా ఇంకో వాక్యం రాశాడు. పొగ పోయింది. దానితో పాటు ఆ విమానమూ పోయి ఇంకేదో విమానం వచ్చింది, నేల కూడా వేరే అయిపోయింది. అన్నీ ఇంత సులువుగా దొరుకుతున్న కాలంలో పుట్టినందుకు వాణ్ని చూస్తే ముచ్చటగానే ఉంటుంది. ఒక్క విమానం కోసం జాతరా గుట్టా తిరిగిన నా పిచ్చి వాడికి ఎలా చెప్పను? అందుకే వచ్చే ఆదివారం ఆత్మకూరు తీసుకుపోయి, ఆ గోడ ముందు నిలబెడదామనుకుంటున్నాను. మా చెలక మీద ఆ విమానం ఇంకా దిగబోతూనే ఉంది.