ఏడుపుమొగం బండి

"మొకం ఎట్లున్నది?"

"ఏడ్సినట్టున్నది."

మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవే. అడిగింది మా ఆయన, జవాబు చెప్పింది నేను. మొకం అంటే ఆయనది కాదు, నాదీ కాదు. మా గడప ముందర నిలబెట్టిన కొత్త చిన్న కారు మొకం. నేను బీడీల చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కసారి తలెత్తి చూశాను, నోటికి వచ్చింది అన్నాను, మళ్ళీ ఆకు చుట్టడంలో పడ్డాను. ఆయన తిరిగి ఏమీ అనలేదు. కారెక్కి పోయాడు. ఆ మధ్యాహ్నమే టాక్సీ అడ్డా దగ్గరి హోటల్లో చాయ్ తాగుతూ పక్కకు ఒరిగిపోయాడు.

నేను చెబుతుంటే నా కోడలు రాస్తోంది. నాకు సంతకం మేరకే అక్షరాలు వచ్చు. నేను 'పోయిండు' అంటే ఆమె 'పోయాడు' అని రాస్తోంది, పుస్తకంలో అట్లాగే ఉండాలట. ఉండనీ. పైన ఆ రెండు మాటలు, ఇంకా ఎవరైనా నోటితో అన్నవి మాత్రం ఎట్లా వచ్చాయో అట్లాగే రాయమన్నాను.

మా ఆయన బోధన్ బస్టాండు పక్కన టాక్సీ నడిపేవాడు. పాత పెద్ద కారు, గుండ్రటి దీపాలు, ఎద్దు నొసలంత వెడల్పు ముందరి రేకు. ఎనభైల్లో మా ఊళ్ళో కారంటే అదే కారు. నిజామాబాద్ దవాఖానాకు పోయేవాళ్ళు, పెండ్లివాళ్ళు, చక్కెర ఫ్యాక్టరీకి వచ్చే ఆఫీసర్లు అందరూ దాంట్లోనే పోయేవారు. అది ఎట్లా ఉందని ఎవరూ అడగలేదు. ఆకాశం ఎట్లా ఉందని అడుగుతామా?

తర్వాత చిన్న కార్లు రావడం మొదలైంది. దాంతో అడ్డా మీద డ్రైవర్లకు పని దొరికింది. కిరాయి లేనప్పుడు హోటల్ చాచా బల్ల మీద కూర్చుని రోడ్డు మీద పోయే ప్రతి కొత్త కారుకూ పేరు పెట్టేవారు. మొదట వచ్చినదాన్ని సబ్బు పెట్టె అన్నారు. తర్వాత మూలలన్నీ అరిగిపోయి గుండ్రంగా వచ్చినదాన్ని కోడిగుడ్డు అన్నారు. ఆ తర్వాత ఒకటి పొట్టిగా, నిలువుగా వచ్చింది. తలపాగా తియ్యకుండా కూర్చోవచ్చని షోరూము వాళ్ళు చెప్పుకునేవారు. దాన్ని బీరువా అన్నారు. దాని వెనక అద్దం చూసి చాచా, దీనికి తాళం చెవి ఎక్కడ పెడతారని అడిగాడట.

ఇవన్నీ మా ఆయన ఇంటికి వచ్చి అన్నం తింటూ చెప్పేవాడు. మనుషుల సంగతి ఎన్నడూ చెప్పలేదు, కార్ల మొకాల సంగతే. ఆయనకు ఒక లెక్క ఉండేది. చెరుకు సీజన్లో మా రోడ్ల నిండా ఎడ్లబండ్లే. గుండ్రటి కండ్లున్న కారు వెనక నుంచి వస్తే ఎద్దు బెదరదు, కొరకొరా చూసే కారు వస్తే పక్కకు దూకుతుంది అనేవాడు. ఆయన దోస్తు ఒకడు, తనూ డ్రైవరే, ఈ మాట ఒప్పుకునేవాడు కాదు. కొత్త కార్లంటే అతనికి ప్రాణం. బండి ముందర సన్నగా ఉండాలి, గాలి జారిపోవాలి అనేవాడు. చెరుకు బండ్ల వెనక నత్తలాగ పోయేటప్పుడు ఏం గాలి జారుతుందిరా అని మా ఆయన అడిగేవాడు. ఇద్దరూ ఒక రోజు మాటలు బందు పెట్టుకుని, మర్నాడు మళ్ళీ ఒకే బల్ల మీద కూర్చునేవారు.

నా పంచాయితీ బొట్టు దగ్గర. కొత్త బండి ఏది కొన్నా అడ్డా డ్రైవర్లు మా గడప ముందుకు తెచ్చేవారు. నా చెయ్యి మంచిదని పేరు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టాలి. బొట్టు పెట్టాలంటే నొసలు ఎక్కడుందో చూసుకోవాలి కదా. పాత కారుకు కండ్ల నడుమ జాగా ఉండేది, వేలు తానే పోయి అక్కడ ఆగేది. సబ్బు పెట్టెకూ ఉంది, కొద్దిగా. కోడిగుడ్డుకు పెడితే కుంకుమ జారిపోయింది. దీనికి నొసలే లేదు, ముక్కు మీద పెట్టాలా అని అడిగాను. ఆ మాట మా ఆయన అడ్డాకు మోసుకుపోయాడు. అప్పటి నుంచి ఏ కొత్త బండి వచ్చినా 'ఇంట్ల ఏమంటది చూద్దాం' అనేవారట. నాకు నడపరాదు, అద్దం దించడం కూడా రాదు. కానీ బోధన్‌లో ఏ కారుకైనా మొకం ఖాయం కావాలంటే నా నోటి నుంచి ఒక మాట రావాలి. లోపల నాకూ బాగానే ఉండేది. ఆయన అడుగుతాడని తెలిసి, బస్టాండు దిక్కు పోయినప్పుడు కొత్త బండ్లను ముందే చూసిపెట్టుకునేదాన్ని.

పాత బండి స్టీరింగు తిప్పీ తిప్పీ ఆయనకు ఎడమ భుజం నొప్పి పట్టుకుంది. నూనె రాసి కాపడం పెట్టేదాన్ని. చిన్న కారు తీసుకుందాం, దాని స్టీరింగు వేలితో తిరుగుతుంది అని దోస్తు వెంటబడ్డాడు. అప్పుడే ఒక కొత్త రకం వచ్చింది. దాని దీపాలు గుండ్రంగా లేవు, నలుపలకలుగా లేవు. పైన మొదలై కిందకు, పక్కలకు సాగి ఉన్నాయి. మూడు నెలలు అడ్డా మీద దాని సంగతే. ఒకడు గద్ద కండ్లన్నాడు, ఒకడు చేప అన్నాడు, దోస్తు మాత్రం సినిమా హీరోయిన్ కాటుక అన్నాడు. మా ఆయనకు ఏదీ నచ్చలేదు. అట్లాగని నచ్చలేదనే మాటకు సరైన పేరూ దొరకలేదు. చివరకు నిజామాబాద్ షోరూము నుంచి నడిపి చూడమని ఒక పూటకు బండి ఇచ్చారు. దాన్ని నేరుగా నా ముందుకు తెచ్చాడు.

నేనన్న మాట మీకు తెలుసు.

మూడో దినం నాడు ఏడుస్తూ ఆ మాట మా ఆడబిడ్డకు చెప్పాను. ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె నా చెయ్యి వదిలేసింది.

"కొత్త బండి గడప ముందటికొస్తే ఎదురు నీళ్ళు పోస్తరు గని, ఏడుపు పేరు తీస్తరా?"

కోపంగా అనలేదు. మెల్లగా అంది. అందుకే అది లోపల కూర్చుంది. నోటి మాట తగులుతుందని మా దిక్కు అందరూ నమ్ముతారు, నేనూ నమ్ముతాను. ఆయన ఆశపడి తెచ్చుకున్నాడు, భుజం నొప్పితో తెచ్చుకున్నాడు, నేను తల కూడా సరిగ్గా ఎత్తకుండా ఏడుపు పేరు తీశాను. ఆయన మాట్లాడకుండా పోయాడు. మనసు విరిగి పోయాడా, నా మాట మోసుకుని పోయి ఒరిగాడా? అడ్డా వాళ్ళను అడిగితే తెలిసేది. అడగడానికి ధైర్యం లేదు. వాళ్ళు చెప్పింది ఇంతే: వచ్చాడు, కూర్చున్నాడు, చాయ్ తాగాడు, ఒరిగాడు.

నలభై రోజులయ్యాక బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు బయలుదేరాను. దారి బస్టాండు ముందు నుంచే. గంప నెత్తిన పెట్టుకుని అడ్డా దాటుతున్నాను. బల్ల మీద నుంచి ఎవరో అన్నారు:

"అగో, ఏడుపుమొగంది వస్తున్నది."

నలుగురు నవ్వారు. కొంగు మొకం మీదకు లాక్కున్నాను. వెనక్కు తిరగలేదు. మరుసటి వారం మళ్ళీ అదే మాట, అదే నవ్వు. ఇవన్నీ నా చేతి అన్నం తిన్న నోళ్ళే. ముండమోసినదాన్ని చూసి ఏడుపుమొగంది అంటున్నారు, లేదా నా మాట వీళ్ళకు తెలిసి నన్ను దెప్పుతున్నారు. ఏదైనా ఒకటే. ఆ తర్వాత బస్టాండు దారి వదిలేశాను. నిజాంసాగర్ కాలువ గట్టు వెంబడి చుట్టు తిరిగి కార్ఖానాకు పోయేదాన్ని. ఎండాకాలంలో కాళ్ళు కాలేవి, వానల్లో గట్టు జారేది. అయిదారేళ్ళు అట్లాగే తిరిగాను. కోడలు వచ్చిన కొత్తలో ఈ చుట్టు ఎందుకత్తమ్మా అని అడిగింది. కాలువ గాలి మంచిదని చెప్పాను.

ఒక రోజు పొద్దున ఆ దోస్తు వచ్చాడు. బయట హారన్ కొట్టాడు. చూస్తే ఒక బండి. కారా అంటే కారు కాదు, జీపా అంటే జీపు కాదు. కారును ఎత్తు కాళ్ళ మీద నిలబెట్టినట్టుంది. ఇప్పుడు ఇట్లాంటివే వస్తున్నాయట, ఊళ్ళో కారులాగే తిరుగుతుంది, పొలంలోకీ దిగుతుందట. నేను లోపలికి జరిగాను. కొత్త బండికి నేను ఎదురు రాకూడదు కదా.

"వదినె, బయటికి రా. బొట్టు పెట్టుమంటలేను. మొకం చెప్పు. అడ్డా మీద వారం సంది కొట్లాట నడుస్తున్నది. చాచా నిన్నే అడిగి రమ్మన్నడు."

నా మాట మళ్ళీ అడుగుతున్నారు, ఆ మాట వల్లనే ఇట్లా అయ్యాక. నాకు ఒళ్ళు మండింది. కొంగు నడుముకు దోపుకుని బయటకు వచ్చాను. ఇన్నేళ్ళు దాచుకున్నదంతా గడప మీదే అనేశాను. నా నోటి మాటకే మనిషి పోయాడు, మీరు నన్ను ఏడుపుమొగంది అని నవ్వుకున్నారు, ఇంకా ఏం మాట కావాలి అని అడిగాను.

అతను బండి వదిలి దగ్గరికి వచ్చాడు. తర్వాత గడప మీద కూర్చున్నాడు.

"నిన్నెవలన్నరు వదినె? అది బండి పేరు గద."

అప్పుడు చెప్పాడు. ఆ రోజు మా ఆయన హోటల్‌కు వచ్చేసరికే నవ్వుతున్నాడట. మూడు నెలల నుంచి మనకు దొరకని పేరు మా ఇంట్లో ఒక్క మాటలో చెప్పింది, రండి చూపిస్తాను అని అందరినీ బల్ల మీద నుంచి లేపి బండి ముందు నిలబెట్టాడట. ఆ కండ్ల కొసలు చూడండి, ఎట్లా దిగజారి ఉన్నాయో, నీళ్ళు కారుతున్నట్టు లేదా అన్నాడట. అంతే, అందరికీ కనిపించింది. ఇక చూడకుండా ఉండడం ఎవరి వల్లా కాలేదు. కాటుక అన్న ఈ దోస్తుకు కూడా. చాచా నవ్వలేక బల్ల పట్టుకున్నాడట.

"కొంటవా అని అడిగిన. ఆమె ఏడుస్తున్నదన్న బండిని నేనెట్ల నడుపుత అన్నడు. పాతదానికే రంగేపిస్త, ఏం రంగు మంచిగుంటదిరా అన్నడు. నేను రంగు చెప్పేలోపట్నే ఒరిగిండు."

ఇది ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. మొకం దించుకున్నాడు. ఏడ్చే ఆడమనిషి ముందర, నీ మొగుడు నవ్వుతూ పోయాడని ఏ నోటితో చెప్పాలని అన్నాడు. తర్వాత నేనే ఆ దారికి రావడం మానేశాను. వాళ్ళు నాకు కోపమనుకున్నారు.

నేను ఇంకొక్కటే అడిగాను.

"మీరు గామాట అన్నప్పుడు, నా ఎన్క బండి వస్తుండెనా?"

అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. ఆ రోడ్డు మీద పొద్దస్తమానం అవే తిరుగుతాయి వదినె అన్నాడు. వచ్చిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఆ పేరు అంటారట. షోరూము పెట్టిన పేరు బోధన్‌లో ఎవరికీ గుర్తు లేదట. బండి కొన్నవాళ్ళు కూడా ఏడుపుమొగం దానికి పెట్రోలు పోయమంటారట.

కాలువ గట్టు మీద అయిదారేళ్ళు నడిచింది గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది. ఏడుపూ వచ్చింది. మొదట ఏది వచ్చిందో చెప్పలేను. గుండె మీద నుంచి తిరగలి రాయి దించినట్టయింది. పూర్తిగా దిగిందని చెప్పను. ఆ భుజం నొప్పి స్టీరింగుది కాదేమో, గుండెదేమోనని తర్వాత ఒక డాక్టరు అన్నాడు. మేమంతా బండిని తిట్టాం, నూనె రాశాం. అది మిగిలే ఉంది. కానీ నా మాట ఆయన్ను కొట్టలేదు. నా మాట పట్టుకుని నవ్వుతూ పోయాడు.

దోస్తు లేచి వెళ్ళబోతుంటే ఆపాను. అతని బండి చుట్టూ ఒకసారి తిరిగాను. ముందర జాలీ జాలీగా పెద్ద నోరు. కింద చక్రాల చుట్టూ, పొట్ట పొడవునా నల్లటి రేకు. అది రేకు కాదట, ప్లాస్టిక్‌ అట.

"మూతికి చిక్కం కట్టిన బర్రె, కడుపుమట్టు బురదల దిగొచ్చినట్టున్నది," అన్నాను.

అతను నవ్వలేదు. రెండడుగులు వెనక్కు వేసి తన బండిని తానే చూసుకున్నాడు. ఇట్లా అంటావని తెలిస్తే రాకపోయేవాణ్ణి వదినె అన్నాడు. ఇక వారం కొట్లాట తీరిపోయిందని నాకు తెలుసు.

మర్నాడు గంప నెత్తిన పెట్టుకుని బస్టాండు ముందు నుంచి పోయాను. అడ్డా మీద అందరూ లేచి నిలబడ్డారు, అది నాకు నచ్చలేదు, కూర్చోండని చెయ్యి ఊపాను. చాచా చాయ్ పోసి ఇచ్చాడు. తాగుతుండగా వెనక నుంచి హారన్ వినిపించింది. బల్ల మీద ఎవరూ ఆ పేరు అనలేదు, నా దిక్కే చూస్తున్నారు. నేను వెనక్కు తిరిగి చూశాను. దాని కండ్ల కొసలు నేను ఆ రోజు చూసినదానికంటే ఎక్కువే దిగజారి ఉన్నాయి.

"ఏడుపుమొగంది వస్తున్నది," అని నేనే అన్నాను.

ఇక చాలు బిడ్డా, కలం పక్కన పెట్టు. మొదటి రెండు మాటలు నువ్వు దిద్దలేదు కదా? 'ఏడ్చినట్టుంది' అని రాస్తే అది నా మాట కాదు, మీ మామ నవ్వింది ఆ మాటకు కాదు. ఏదీ, మొదటి నుంచి సదివి వినిపియ్యి.