బోర్డు మీద రేటుకే స్కూటర్ తెచ్చిన మా అమ్మ

మా చిన్నప్పుడు... మల్కాపురంలో మా వీధి మొదట్లో అమ్మ కొత్త చీర కట్టుకుని, హారతి పళ్లెం పట్టుకుని నిలబడింది. పళ్లెంలో పసుపు, కుంకుమ, కర్పూరం, నిమ్మకాయలు, కొబ్బరికాయ... వీధిలో ఆడవాళ్లంతా చుట్టూ చేరిపోయారు. ఆ రోజు మా ఇంటికి స్కూటర్ వస్తోంది మరి!

తీరా చూస్తే, నాన్నా నేనూ బస్సు దిగి నడుచుకుంటూ వచ్చాం. బండికి వేయాల్సిన బంతిపూల దండ నా చేతిలోనే ఉంది.

అప్పట్లో స్కూటర్ కావాలంటే బుక్ చేసి ఏళ్లకేళ్లు ఎదురుచూడాలి. నాన్న పోర్టులో పనిచేసేవాడు. ఓవర్‌టైము డబ్బులు కూడబెట్టి, నేను పలక పట్టకముందు బుక్ చేశాడు. మా వంతు వచ్చేసరికి నేను హైస్కూల్లో ఉన్నాను.

నాన్న చేసిన పొరపాటల్లా ఒక్కటే... ముందురోజు షోరూముకెళ్లి, తనకి కేటాయించిన నీలం బండిని చూసుకుని, ఆ సంబరంలో మేనేజరుతో "రేపు పన్నెండు లోపల ముహూర్తమండి, సింహాద్రి అప్పన్న కాడ పూజ సేయించాల" అని చెప్పేశాడు. ముహూర్తం పెట్టుకుని వచ్చినవాడు వట్టి చేతులతో వెనక్కి పోలేడని ఆ పెద్దమనిషికి బాగా తెలుసు!

తెల్లారి డబ్బు పట్టుకుని వెళ్లేసరికి మాట మారిపోయింది. సీటు కవరు, బుట్ట, గార్డులు... అన్నీ వాళ్ల దగ్గరే, వాళ్లు చెప్పిన రేటుకే కొనాలట. ఆపైన చేతిలో ఇంకొంత పెట్టాలట. స్కూటర్ రేటు ఇంతని గోడ మీద బోర్డు రాసి పెట్టుకుని మరీ ఆ మాటన్నాడు! "ఈ బండికి వేరే పార్టీ రెడీగా ఉన్నాడు, మీ ఇష్టం" అని ఫైలు మూసేశాడు. నాన్న తెచ్చిన డబ్బు మళ్లీ జేబులో పెట్టుకుని బయటికి నడిచాడు. నాకు ఏడుపొచ్చేసింది.

ఇదంతా వీధిలో నిలబడి నాన్న చెప్తుంటే, అమ్మ మొహం ఎర్రబడింది.

"బోర్డు మీద ఓ రేటు రాసీసి, నోటితో ఓ రేటు సెప్తాడా? పన్నెండవలేదు గదా... పదండి, నానొత్తాను."

"ఒక్కదానివీ ఏటెల్తావే, మేవూ వత్తాం" అంది పక్కింటి నూకాలమ్మత్త. చేపలమ్మే మనిషి... ఆవిడ గొంతు ఎత్తితే రెండు వీధులకి వినిపించేది. ఆవిడ వెనకే మిగతా ఆడవాళ్లూ... అందరం కలిసి బస్సెక్కేశాం.

షోరూములోకి వెళ్లాక అమ్మ ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. "మనదేది?" అని నాన్ననడిగి, తిన్నగా ఆ నీలం బండి దగ్గరికెళ్లింది. హెడ్‌లైటు మీద పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టింది. నా చేతిలో దండ తీసుకుని హ్యాండిల్‌కి వేసింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కర్పూరం వెలిగించింది. మేనేజరు పరిగెత్తుకొచ్చేసరికి నూకాలమ్మత్త గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టేసింది.

"ఏంటమ్మా ఇది! డబ్బు కట్టకుండా..."

"బోర్డు మీదున్న డబ్బంతా తెచ్చినాం బాబూ, తీసుకో. లేదంటావా... మా పేరు సెప్పి అప్పన్నకి మొక్కీసిన బండి. ఇంక ఎవులికమ్ముతావో అమ్ముకో."

ఆ 'వేరే పార్టీ' అక్కడే కూర్చుని ఉన్నాడు. మేనేజరు అటు చూడగానే లేచి నిలబడి, "ఒకరు పూజ చేసుకున్న బండి నాకొద్దు సార్" అనేశాడు. ఒకరు దేవుడికి మొక్కి బొట్టు పెట్టిన బండిని ఇంకొకరు ఎలా కొంటారు! మేనేజరు చాలాసేపు రుసరుసలాడి, చివరికి బోర్డు మీద రేటుకే తాళం చేతిలో పెట్టాడు. నూకాలమ్మత్త షోరూము అదిరేలా "గోవిందా!" అని అరిచింది.

మొన్న మేం కారు కొనడానికి వెళ్లాం... ఏసీ, సోఫాలు, కాఫీ, నోరారా "మేడమ్" అని పిలుపులు. తీరా కొటేషన్ చూస్తే హ్యాండ్లింగ్ ఛార్జీలట. ఎవరు చేత్తో మోసుకొచ్చారో ఆ కారుని! మ్యాట్లు, సెంటుబుడ్డీ, తలుపు పిడులకి తళుకు తొడుగులు... వద్దన్నా కొనాల్సిందేనట. కారు తొందరగా కావాలంటే దానికి వేరే రేటట. ఆ పాత మేనేజరు కనీసం గొంతు తగ్గించి అడిగాడు. వీళ్లు రంగుల కాగితం మీద అచ్చేసి మరీ అడుగుతున్నారు! ఒళ్లు మండిపోయింది నాకు.

పక్క సోఫాల్లో ఇంకో మూడు కుటుంబాలున్నాయి. వాళ్లనీ అదే అడుగుతున్నారని వినిపిస్తూనే ఉంది. "ఏమండీ, మీరూ కడుతున్నారా?" అని అడుగుదామని అటు తిరిగాను... అందరూ ఫోనుల్లో తలలు దించేసుకున్నారు. కాసేపటికి నేనూ దించేసుకున్నాను. అందరం విడివిడిగా, మర్యాదగా కట్టేసి, తాళాలతో ఫొటోలు దిగి బయటపడ్డాం.

మా అమ్మ కోసం వీధి వీధంతా బస్సెక్కింది... మేం ఒకే గదిలో కూర్చుని కూడా ఒకరితో ఒకరు ఒక్క మాట అనుకోలేకపోయాం.

సరే, ఇక్కడైనా అనుకుందాం... మీ దగ్గర ఎంత గుంజారు? సిగ్గుపడకుండా కింద రాయండి.